వినే విద్యలో సర్టిఫికెట్

ఎదుటివాళ్ల మాట ఎలా వినాలో నాకు తెలుసని చెప్పే సర్టిఫికెట్ ఒకటి మా ఇంటి గోడ మీద, సరిగ్గా టీవీకి పైన, ఫ్రేము కట్టించుకుని వేలాడుతూ ఉండేది. ఇప్పుడు లేదు. ఎవరూ తీసెయ్యమనలేదు, నేనే తీసి బీరువా వెనక పెట్టాను. ఎందుకు తీశానో చెప్పాలంటే నా తెలివితక్కువతనం మొత్తం చెప్పుకోవాలి. చెప్పుకుంటాను. ఊళ్లో పిల్లలందరి చేతా వాళ్ల ఇళ్ల సంగతులు చెప్పించుకున్నవాణ్ణి, నాది ఒక్కటీ దాచుకుంటే మర్యాదగా ఉండదు.

నా పేరు యెషయా. ఆళ్లగడ్డకు ఏడు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెలో, జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా ఆవిడ లూదియా ఆళ్లగడ్డ ఆసుపత్రిలో నర్సు, మా కాపురం కూడా అక్కడే. మాకు ఒక్కతే కూతురు, సిరి. అది నా బడిలోనే, నా క్లాసులోనే పదో తరగతి చదువుతూ ఉండేది. సర్కారు బడి టీచరు తన బిడ్డను సర్కారు బడికే తెచ్చుకున్నాడు చూడండి అని నలుగురూ అనుకోవాలని చేర్పించాను. నలుగురూ అనుకున్నారు కూడా. బిడ్డ ఏమనుకుందో నేను అడిగింది లేదు.

పది అయిపోగానే సిరిని నంద్యాలలో ఒక కాలేజీలో చేర్చి, హాస్టల్లో పెట్టి ఇంటర్ చదివించాలని నేను తీర్మానించాను. సీటు కూడా మాట్లాడేశాను. సిరికి హాస్టల్ ఇష్టం లేదు. ఇంట్లో ఉండి, ఆళ్లగడ్డలోనే కాలేజీకి పోయి చదువుకోవాలని దాని కోరిక. ఈ ముక్క మా ఇంట్లో, బడిలో, చివరికి పక్క ఊళ్లో కూడా అందరికీ తెలుసు. తెలియనిది నాకొక్కడికే. ఎదుటివాళ్ల మాట వినడంలో శిక్షణ పొందినవాణ్ణి కదా!

ఆ శిక్షణ సంగతి ముందు చెప్పాలి. 'సామాజిక, భావోద్వేగ, సంభాషణ నైపుణ్యాలు' అని పేరు. నంద్యాలలో మూడు రోజులు. మా హెడ్మాస్టర్ గురవయ్య గారు స్టాఫ్ రూములోకి వచ్చి ఎవరు పోతారని అడిగితే, లెక్కల సారుకు నడుం నొప్పి వచ్చింది, తెలుగు మేడంకు బంధువుల ఇంట్లో పెళ్లి వచ్చింది. నాకు మాత్రం ఉత్సాహం వచ్చింది. మాట్లాడటంలో ఈ మండలంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. పెళ్లయినా, పదవీ విరమణ సభయినా మైకు నా చేతికే ఇస్తారు. తిరిగి తీసుకోవడమే వాళ్లకు కష్టం.

శిక్షణ ఇచ్చిన అమ్మాయి పేరు ప్రవళిక. పాతికేళ్లు కూడా ఉండవు. మా అందరినీ ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టింది. ఒకరు మూడు నిమిషాలు మాట్లాడాలి, రెండోవాళ్లు నోరు మూసుకుని వినాలి. సలహా ఇవ్వకూడదు, మధ్యలో అందుకోకూడదు. అవతలివాళ్లు ఆగినప్పుడు 'ఇంకా?' అని ఒక్క మాట అడగొచ్చు, అంతే. నాకు జతగా మిడుతూరు నుంచి వచ్చిన హిందీ టీచరు ఉమామహేశ్వరమ్మ గారు పడ్డారు. ఆమె మోకాలి నొప్పి గురించి మొదలుపెట్టారు. అర నిమిషంలో నేను నంద్యాలలో మంచి ఎముకల డాక్టరు ఎక్కడుంటాడో చెప్పాను, ఏ నూనె రాయాలో చెప్పాను, లేచి నిలబడి ఒక వ్యాయామం చేసి చూపించాను. ప్రవళిక మా దగ్గరికి వచ్చి, మేడం చెప్పేది అయిపోయిందా సార్ అని అడిగింది. ఉమామహేశ్వరమ్మ గారు నెమ్మదిగా, నేనింకా మొదలే పెట్టలేదమ్మా, మోకాలి నొప్పి మా అమ్మకు, నాకు కాదు అన్నారు.

రెండో రోజు మళ్లీ అదే పని చేశాను. మూడో రోజు అందరితో పాటు నాకూ సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని చేతిలో పట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కినప్పుడు, కిటికీ పక్కనున్న పెద్దాయనకు వినడం ఎంత ముఖ్యమో శిరివెళ్ల దాకా చెప్పుకుంటూ వచ్చాను. ఆయన అక్కడ దిగిపోయాడు. ఆయన ఊరు అది కాదని నా అనుమానం.

తర్వాతి వారం నుంచి ప్రతి శుక్రవారం చివరి పీరియడ్ పదో తరగతికి నాదే. నలభై ఒక్క మంది పిల్లలు. రకరకాల మొహాల బొమ్మలున్న చార్టు ఒకటి బోర్డు మీద అంటించి, ఈ రోజు మీ మనసు ఎలా ఉందో ఒక్కొక్కరే చెప్పండి అన్నాను. నలభై మంది వరసగా 'బాగుండా సార్' అన్నారు. వెంకటేష్ అనేవాడు మాత్రం చార్టు ముందు చాలాసేపు నిలబడి, ఏడుస్తున్న మొహం మీద వేలు పెట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. చెప్పు నాయనా, ఎందుకా బాధ అని భుజం మీద చెయ్యి వేశాను. బడి వదిలినాక ఇంటికి పోయి పెంట ఎత్తాల సార్ అన్నాడు.

అయినా నేను వదల్లేదు. కోపం వచ్చినా, బాధ వచ్చినా తిట్టుకోకుండా ఒక పద్ధతిలో చెప్పుకోవాలని ఒక వాక్యం నేర్పించాను. 'నువ్వు ఫలానా పని చేస్తే నాకు ఫలానా విధంగా అనిపిస్తుంది.' అంతే. ఇందులో తిట్టు లేదు, నింద లేదు. మా వైపు మాటలు మొరటుగా ఉంటాయి, కొడితే పోయే చోట కూడా నరుకుతానంటారు, కాబట్టి ఈ వాక్యం చాలా అవసరమని వివరించాను. వెంకటేష్ వెంటనే పక్కవాడి వైపు తిరిగి, 'రేయ్, నువ్వు నా పెన్ను ఎత్తుకపోతే నాకు నిన్ను తన్నాలనిపిస్తాది' అన్నాడు. పద్ధతి ప్రకారం తప్పేమీ లేదు. మార్కులు వెయ్యక తప్పలేదు.

తర్వాత 'మనసు డబ్బా' పెట్టాను. బిస్కెట్ల రేకు డబ్బాకు పైన సందు కోయించి, లోపలి బాధలు చీటీల మీద రాసి వెయ్యమన్నాను. మా రాత మీరు గుర్తుపడతారు కదా సార్ అని పిల్లలు అడిగారు. నిజమే, పదేళ్లుగా పేపర్లు దిద్దుతున్నవాణ్ణి. సరే, ఎడమ చేత్తో రాయండి అన్నాను. ఇంకా ఒక నియమం పెట్టాను, బోర్డు మీద రాయించాను కూడా. ఏ చీటీ ఎవరిదో ఎవరూ ఆరా తియ్యకూడదు, నేను కూడా అడగకూడదు. రాసినవాళ్లు వాళ్లంతట వాళ్లు వచ్చి చెబితేనే మాట్లాడాలి. శుక్రవారానికొక చీటీ తీసి చదువుతాను, అందరం ఆలోచిద్దాం. ఈ నియమం పెట్టినందుకు నన్ను నేను ఎంత మెచ్చుకున్నానో చెప్పలేను.

ఇక మా ఇంటి సంగతి. సాయంత్రం ఏడింటికి మాకు కుటుంబ ప్రార్థన. చాప పరిచి ముగ్గురం మోకరిస్తాం. ముందు లూదియా, తర్వాత సిరి, చివర నేను. మా నాయన కాలం నుంచీ మా ఇంట్లో ఒక అలవాటు ఉంది. మనిషి మొహం మీద అనలేని మాటను ప్రార్థనలో పెట్టి అంటారు. పైకి దేవుడితో చెబుతున్నట్టే ఉంటుంది, తగలవలసినవాడికి తగులుతుంది. ఎదురు చెప్పడానికి వీల్లేదు, నీతో అనలేదు కదా! నాకు చిన్నప్పుడు మిలిటరీలో చేరాలని ఉండేది. నా కొడుకును బడిపంతుల్ని చెయ్యి తండ్రీ అని మా నాయన రెండు నెలల పాటు రోజూ ప్రార్థించాడు. మూడో నెలలో నేను ట్రైనింగు దరఖాస్తు నింపాను. లూదియా కూడా తక్కువదేం కాదు. నేను కొత్త ఫోను పట్టుకొచ్చిన రోజు, ప్రభువా, మా గ్రైండరు చెడిపోయి మూడు నెలలైన సంగతి నీకు తెలుసు అని చాలా భక్తిగా ప్రార్థించింది. పొద్దున్నే గ్రైండరు బాగుచేయించాను.

క్రిస్మస్ వెళ్లినప్పటి నుంచీ నా ప్రార్థనంతా నంద్యాల గురించే. ప్రభువా, నా బిడ్డను నంద్యాలలో నీ చేతుల్లో పెడుతున్నాను, చదువు మీద మనసు నిలుపు, హాస్టల్ తిండికి దాని కడుపును అలవాటు చెయ్యి. పదిహేను నిమిషాలకు తక్కువ కాకుండా సాగేది. దానికి ముందు సిరి వంతు వచ్చినప్పుడు, సండే స్కూల్లో చిన్నప్పుడు నేర్చుకున్న రెండు ముక్కలు గబగబా చెప్పి ఊరుకునేది. నా ప్రార్థన చివర అది అనే 'ఆమేన్' రోజురోజుకూ చిన్నదవుతూ వచ్చింది. గొంతు బాగాలేదేమో అనుకుని మిరియాల కషాయం కాచి ఇమ్మని లూదియాకు చెప్పాను. ఒక రోజు లూదియా, ఈ ఇంట్లో వినాల్సినవాళ్లకు వినే బుద్ధి ఇయ్యి తండ్రీ అని ప్రార్థించింది. సిరి కోసమే అనుకుని అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాను.

నాలుగేళ్లుగా రోజూ నా బండి మీదే ఇద్దరం బడికి పోయేవాళ్లం. ఏడు కిలోమీటర్లు పోను, ఏడు కిలోమీటర్లు రాను. దారి పొడుగునా నేను మాట్లాడుతూనే ఉండేవాణ్ణి. మా తండ్రీకూతుళ్లకు ఎంత దగ్గరితనమో అని మురిసిపోయేవాణ్ణి.

ఫిబ్రవరిలో రెండో శుక్రవారం డబ్బాలో చెయ్యి పెట్టి ఒక చీటీ తీశాను. ఎడమ చేతి రాత, కోడి కెలికినట్టుంది. తడుముకుంటూ పైకి చదివాను. 'నన్ను హాస్టల్లో వెయ్యాలని మా నాయన తీర్మానం చేసినాడు. నాకు పోవాలని లేదు. చెప్తామంటే మా ఇంట్లో ఆయన మాటల మధ్య సందు ఉండదు. నేను ఏం చెయ్యాల?'

మా క్లాసులో సగం మంది పిల్లల్ని నంద్యాల హాస్టళ్లకు పంపాలని తల్లిదండ్రులు అనుకుంటూనే ఉన్నారు. కాబట్టి ఎవరైనా కావొచ్చు అనుకున్నాను. ఎవరైనా అన్నప్పుడు మూడో బెంచీలో కూర్చున్న నా కూతురు కూడా ఆ ఎవరైనాలో ఉందని నాకు తట్టలేదు. ఒట్టు, తట్టలేదు.

చీటీ మడిచి జేబులో పెట్టుకుని, ఆ తండ్రి గురించి నేను ఇచ్చిన ఉపన్యాసం ఉంది చూడండి, నా ఉద్యోగంలో అంత గొప్పగా ఎప్పుడూ మాట్లాడలేదు. పిల్లలు మనం కొన్న గొర్రెలా? అన్నాను. నోరున్న బిడ్డను ఇంట్లో పెట్టుకుని దాని మాట వినకపోతే ఆయన తండ్రి ఎట్లయినాడు అన్నాను. ఇలాంటి మనుషులు బయట చాలా మంచివాళ్లుగా కనబడతారని, నలుగురిలో బాగా మాట్లాడతారని, ఇంటికొస్తేనే చెవులు మూతపడతాయని కూడా చెప్పాను. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు, దేవుడే పలికించి ఉంటాడు. క్లాసు మొత్తం గుడ్లప్పగించి నన్నే చూస్తోంది. నా మాటలకు కదిలిపోయారనుకున్నాను. ఆ తండ్రికి మీరైతే ఏం చెబుతారని అడిగాను. ఎవరూ లేవలేదు. చివరికి వెంకటేష్ లేచి, 'ఆయన్ను గూడా శుక్రవారం ఈడ తెచ్చి కూసోబెట్టండి సార్' అన్నాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. మంచి సలహా అని మెచ్చుకుని చప్పట్లు కూడా కొట్టించాను.

అందరూ నవ్వుతుంటే సుప్రజ మాత్రం తల వంచుకుని, రెండు చేతులతో మొహం కప్పుకుంది, భుజాలు అదురుతున్నాయి. సిరి పక్కన కూర్చునే పిల్ల అది. పాపం, ఏడుస్తోంది! చీటీ ఎవరిదో నాకు అర్థమైపోయింది. ఆపుకోలేక నవ్వుతోందని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే మిగతా కథ జరిగేది కాదు.

సుప్రజ వాళ్ల నాయన నరసింహులు ఆ పల్లెలో తాతల నాటి రైతు. కాలవ కింద పొలం, పసుపు, వరి. పెద్దగా మాట్లాడడు. బడికి ఎప్పుడైనా వస్తే గేటు దగ్గరే నిలబడి పనయ్యాక పోతాడు. ఇలాంటి మొరటు మనిషికి బిడ్డ మనసు ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. పిల్లను అడగకూడదు, అది నియమం. తండ్రితో మాట్లాడకూడదని నియమంలో ఎక్కడా లేదు. శనివారం బడి వదిలాక సిరిని స్టాఫ్ రూములో కూర్చోబెట్టి, పని మీద పోతున్నానని చెప్పి నరసింహులు కల్లానికి బయలుదేరాను.

ఉడకబెట్టిన పసుపు కొమ్ములు కల్లం నిండా ఆరబోసి ఉన్నాయి. ఆయన పార పక్కన పెట్టి, కూర్చోమని మంచం వాల్చి, ముంతతో మజ్జిగ ఇచ్చాడు. ఏం సంగతని అడిగాడు. ఇంకేం, మొదలుపెట్టాను. పిల్లల మనసు గురించి, ప్రేమ గురించి, వినడం గురించి, ప్రవళిక చెప్పింది, చెప్పనిది అంతా చెప్పాను. మీ ఇంటి సంగతి నాకు తెలిసిందని చెప్పకుండా, తెలిసిందని తెలిసేట్టుగా చెప్పాను. అందులో నాకు మంచి అభ్యాసం ఉంది కదా. నరసింహులు నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఒక్కసారి కూడా అందుకోలేదు. నేను ఊపిరి కోసం ఆగితే, 'ఇంకా?' అన్నాడు.

ఏ శిక్షణకూ పోకుండానే ఈయనకు ఆ మాట ఎలా తెలిసిందబ్బా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఇంకా అన్నాడు కదా అని ఇంకో పది నిమిషాలు చెప్పాను. బిడ్డకు ఇష్టం లేకుండా హాస్టల్లో వెయ్యొద్దని చేతులు పట్టుకుని బతిమాలాను. నా కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

అంతా అయ్యాక ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

'మా సుప్రజ ఆళ్లగడ్డలోనే చదువుతానన్నది సార్. పసుపు తవ్వేటప్పుడు చెప్పింది. సరే అంటి' అన్నాడు. 'హాస్టల్ వద్దని ఏడుస్తాండేది మీ పాప. మా ఇంటికాడ రెండు తూర్లు ఏడ్చింది.'

నాకు నోట మాట రాలేదు. నాకు! ముంత చేతిలోనే ఉండిపోయింది. ఇరవై అయిదు నిమిషాలు నేను ఎవరికి ఏం చెప్పానో, ముందు రోజు నలభై ఒక్క మంది ముందు ఏం మాట్లాడానో, వెంకటేష్ సలహాకు ఎవరి చేత చప్పట్లు కొట్టించానో అంతా ఒక్కసారి తిరిగొచ్చి మీద పడింది.  దానికి మీరేం చెప్పారు అని అడిగాను.

'నేనేం చెప్తా సార్, మీ బిడ్డకు. విన్నా' అన్నాడు నరసింహులు. పార తీసుకుని పసుపు తిరగేయడానికి లేచాడు.

బడికి తిరిగొచ్చి సిరిని ఎక్కించుకున్నాను. ఆ ఏడు కిలోమీటర్లూ నేను మాట్లాడలేదు. నాలుగేళ్లలో అదే మొదటిసారి. రెండు కిలోమీటర్లు పోయాక వెనక నుంచి సిరి ఏదో అంది. గాలికి నాకు వినబడలేదు. ఏమ్మా అని అడిగాను. మళ్లీ అంది, మళ్లీ వినబడలేదు. అప్పుడు తెలిసింది నాకు. ముందు కూర్చున్నవాడి మాట వెనక్కి పోతుంది, వెనక కూర్చున్నవాళ్ల మాట ముందుకు రాదు. నేను మురిసిపోయిన దగ్గరితనమంతా ఈ గాలివాటమే. బండి పక్కన ఆపాను. ఏమన్నావని అడిగాను. 'ఒంట్లో బాగలేదా నాయనా అంటి' అంది సిరి. బాగానే ఉన్నానని చెప్పి మళ్లీ స్టార్ట్ చేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చాక ఇంకో చిక్కు. చీటీ ఎవరిదో నేను అడగకూడదు. బోర్డు మీద రాయించిన నియమం, నా సొంత తెలివి. అది వచ్చి చెబితేనే మాట్లాడాలి. చెప్పడానికి సందేదీ?

ఏడింటికి చాప పరిచాం. లూదియా ప్రార్థన అయింది. సిరి తన రెండు ముక్కలు అప్పజెప్పింది. నా వంతు వచ్చింది. ప్రభువా అన్నాను. ఆ తర్వాత మాటలు నోటి చివర బారులు తీరి నిలబడ్డాయి. ప్రభువా, నా బిడ్డ మాట వినని పాపిని నేను, నన్ను క్షమించు, నా బిడ్డ మనసు నెమ్మది చెయ్యి. ఎంత బాగుంటుంది! సిరి వింటుంది, నేను మొహం చూడక్కర్లేదు, అది ఎదురు చెప్పడానికి వీల్లేదు. ఆమేన్ అనేసి లేచి అన్నం తినొచ్చు. మా నాయన నాకు నేర్పిన విద్య అదే. నోరు తెరిచాను, మూశాను. కళ్లు తెరిచాను.

సిరి కళ్లు తెరుచుకునే ఉన్నాయి. నన్నే చూస్తోంది.

ప్రార్థనలో కళ్లు మూసుకోలేదేం అన్నాను. చూడండి, మొదటి మాటే తప్పు.

'క్రిస్మస్ నుంచి మూసుకోలే' అంది సిరి. 'నువ్వు ఎప్పుడన్నా తెరుస్తావేమోనని చూస్తాండా.'

లూదియా కూడా కళ్లు తెరిచింది. నేను మోకాళ్ల మీద నుంచి దిగి చాప మీద కూర్చున్నాను. 'నిన్న క్లాసులో ఒక నాయన గురించి చానా మాట్లాడినా' అన్నాను.  'ఆ నాయన ఈడ కూసున్నాడు. చెప్పుమ్మా, ఏం చెప్పాలనుకున్నావో.'

సిరి కాసేపు చాప అంచు పీకుతూ కూర్చుంది. తర్వాత నేను నేర్పిన వాక్యాన్నే, పాఠం అప్పజెప్పినట్టు, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది.

'నాయనా, నువ్వు నన్ను అడగకుండా నా సంగతి దేవుడితో చెప్పి, ఆమేన్ అని లేచి పోతే, నాకు ఈ ఇంట్లో లేనట్టు అనిపిస్తాది.'

దీనికి ఎన్ని మార్కులు వెయ్యాలి?  ఒక్క నిమిషం కూడా తట్టుకోలేకపోయాను. సరే, సరే, నంద్యాల వద్దు, సోమవారమే ఆ కాలేజీవాళ్లకు ఫోన్ చేసి చెప్పేస్తాను, ఆళ్లగడ్డలోనే చదువుకో, అయిపోయింది అన్నాను. నా త్యాగానికి నేనే మురిసిపోయాను. సిరి సంతోషించలేదు.

'నేనింకా చెప్పలే నాయనా' అంది.

లూదియా నా పక్కకు జరిగి నా మణికట్టు పట్టుకుంది. నర్సు కదా, నాడి చూస్తున్నట్టే పట్టుకుంది. ఆ తర్వాత నేను నోరు తెరవబోయినప్పుడల్లా నొక్కింది. నాలుగుసార్లు నొక్కింది. నాలుగోసారి గోరు దిగింది.

సిరి చెప్పింది. సీటు మాట్లాడటానికి నాతో పాటు నంద్యాల వచ్చినప్పుడు, నేను ఆఫీసులో మాట్లాడుతుంటే అది ఒక్కతే మెట్లెక్కి పైకి పోయి చూసిందట. పిల్లలు అన్నం తింటూ కూడా పక్కన పుస్తకం పెట్టుకుని చూస్తున్నారట. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదట. కిందికి దిగి వచ్చి నాకు చెప్పబోతే, నేను ఆ ఆఫీసాయనకు మా బడి గొప్పలు చెబుతున్నానట. చదువు కష్టమని తనకు భయం లేదంది.

'ఇంట్లోనే నాకు మాట్లాడేది ఇంకా రాలే' అంది. 'ఆడికి పోతే ఎప్పటికీ రాదు. అందుకే వద్దన్నా.'

అని ఆగింది. నాకు చెప్పాలని ఎన్ని వచ్చాయో! క్షమించమని చెప్పాలి, ఆఫీసాయనతో ఎందుకు మాట్లాడానో చెప్పాలి, మా నాయన గురించి, మిలిటరీ గురించి చెప్పాలి. లూదియా నొక్కకముందే నోరు మూసుకున్నాను. ఉమామహేశ్వరమ్మ గారికి ఇవ్వలేకపోయిన మాట ఒక్కటి మిగిలి ఉంది నా దగ్గర.

'ఇంకా?' అన్నాను.

సిరి నా వైపు అనుమానంగా చూసింది. తర్వాత బండి మీద గాలి సంగతి చెప్పింది. మిరియాల కషాయం ఎంత ఘాటుగా ఉందో చెప్పింది. చీటీ ఒక్కటే అనుకుంటున్నావేమో, నాలుగు రాసి వేశానంది. సుప్రజ నవ్వు ఆపుకోలేక పొట్ట నొప్పి తెచ్చుకుందని చెబుతూ తనూ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఏడో తరగతిలో ఎప్పుడో జరిగినవి కూడా తవ్వి తీసింది. నాకు సంబంధం లేనివి కూడా చెప్పింది. నాకు మా బిడ్డ గొంతు ఇంత పెద్దదని తెలియదు. వండిన అన్నం చల్లారిపోయింది. నేను మూడు నిమిషాలు కూడా చెయ్యలేనని తేలిన పనికి ఆ సాయంత్రం ముప్పావుగంట పట్టింది, ఒళ్లంతా నొప్పులు పుట్టాయి.

చివరికి లూదియా నా చెయ్యి వదిలి, మీ నాయన ప్రార్థన సగంలో ఉంది కదా, దాన్ని ముగించాలంది. ఇద్దరూ నన్ను చూశారు. ప్రభువా అని మళ్లీ మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు. నేను చేస్తాలే అంది సిరి. మోకాళ్ల మీదికి లేచి, చేతులు జోడించి, కళ్లు మూసుకుంది. నేను మూసుకోలేదు, దాన్నే చూస్తూ ఉన్నాను.

'ప్రభువా, మిగతాది మేమే మాట్లాడుకుంటాం' అంది. 'ఆమేన్.'

నేనూ ఆమేన్ అన్నాను. చాప మీద నుంచి లేవలేదు.